మంట ఆరాక కూడా కదలకుండా కాపు కాసినవాళ్లకు, ఆదోని నుంచి కృతజ్ఞతలు

ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే మా జిన్నింగ్ మిల్లుకు నిప్పు అంటుకున్నప్పుడు పరిగెత్తుకొచ్చిన ప్రతి ఒక్కరికీ మిల్లు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, గుమాస్తాలు, కూలీలు అందరి తరఫున చేతులెత్తి నమస్కారం. మనుషులకు ఏమీ కాలేదు. దూది కొంత కాలింది, గింజలు కొన్ని తడిశాయి, షెడ్డు నిలబడింది.

ఎవరు ఏం చేశారో, అది ఎందుకు సరైన పనో వివరంగా రాస్తున్నాం. ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి పత్తి బండ్లు వరసగా వచ్చే కాలమిది. ఈ సంగతులు ప్రతి మిల్లుకూ, ప్రతి గోడౌనుకూ, పత్తిని ఇంట్లో దాచుకునే రైతుకూ కావాలి.

మొదట జిన్నుల దగ్గర పనిచేసే ఆడకూతుళ్లకు. కమురు వాసన పసిగట్టి కేకేసింది వాళ్లే. ఆ కేక విని ఆపరేటర్ ముందు ఆపింది జిన్నును కాదు, దూదిని లాగే సక్షన్ ఫ్యాన్‌ను. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. జిన్ను ఆపి ఫ్యాన్‌ను వదిలేస్తే, రోలరు దగ్గర పుట్టిన గోరంత నిప్పు గాలితో పాటు గొట్టంలో ఎగిరి దూది గదిలో గుట్ట మీద పడుతుంది. ఫ్యాను ఆగితే నిప్పు చాలావరకు పుట్టినచోటే ఉంటుంది. అక్కడ రెండు బకెట్ల నీళ్లతో తీరేది, దూది గదిలో రెండు ఫైరింజన్లు వచ్చినా తీరదు. ఫ్యాను ఆగేలోపే కొన్ని రవ్వలు దాటిపోయాయి. అలా దాటినవి కొన్నే కాబట్టే ఇవాళ నష్టం గురించి ఇంత నింపాదిగా రాయగలుగుతున్నాం. ఫ్యాను స్టాప్ బటన్ ఒక్క ప్యానెల్ గదిలోనే ఉంటే చాలదు. జిన్నుల వరస రెండు చివరలా చేతికందేలా ఒక్కోటి ఉండాలి.

జిన్నులో నిప్పు ఎలా పుడుతుందని చాలామంది అడిగారు. పత్తితో పాటు వచ్చే ఇనుప ముక్క, మేకు, బోల్టు, తీగ ముక్క, గులకరాయి కత్తికో బీటరుకో తగిలితే రవ్వ లేస్తుంది. రోలరును కత్తి మీదికి మరీ బిగించినా, మధ్యలో దూది ముద్ద ఇరుక్కుని తిరుగుతున్నా రాపిడికి తోలు వేడెక్కి దూది మాడుతుంది. గ్రీజు లేని బేరింగుకు దూది పోగులు చుట్టుకున్నా, జారే బెల్టు పుల్లీ మీద అరిగినా జరిగేది అదే. పత్తి లోపలికి వచ్చే దారిలో అయస్కాంతం ఉంటే ఇనుము ఆగుతుంది. అయితే దాన్ని షిఫ్టుకొకసారి తుడవాలి. ముక్కలతో నిండిపోయిన అయస్కాంతం మీదుగా తర్వాతి మేకు జారిపోతుంది. రాయిని అయస్కాంతం పట్టదు. దానికి గొట్టం దారిలో బరువైనవి కిందికి రాలిపోయే పెట్టె వేరేగా ఉండాలి, అదీ రోజూ ఖాళీ చెయ్యాలి. రైతన్నలకు ఒక విన్నపం: పత్తిని కల్లంలో నేల మీద కాకుండా పట్టా పరిచి పోయండి. బోరాల మూతులు ఇనుప తీగతో కట్టకండి. మిల్లులో రవ్వ పుట్టడానికి ఆ చిన్న తీగ ముక్క చాలు.

కరెంటు అన్నలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఫోను చేసిన కాసేపటికే లైన్‌మన్ వచ్చి స్తంభం మీద లైను కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించారు. దించే ముందు మా ఎలక్ట్రీషియన్‌ను ఒక మాట అడిగారు: "నీళ్ల మోటరు దేని మీద ఉంది?" ఆ ప్రశ్న ప్రతి మిల్లువాళ్లూ ఈ రోజే వేసుకోవాలి. మెయిన్ తీస్తే షెడ్డులో కరెంటు పోతుంది. బోరు మోటరు కూడా అదే మెయిన్ మీద ఉంటే నీళ్లూ పోతాయి. మెయిన్ తీయకపోతే నీళ్లు కొట్టేవాళ్లకు షాక్ భయం. అందుకే నిప్పు కోసం వాడే పంపుకు మెయిన్ బ్రేకరుకు ముందు నుంచే వేరే లైను, వేరే స్విచ్ ఉండాలి, లేకపోతే డీజిల్ పంపు ఉండాలి. డీజిల్ పంపును వారానికొకసారి ఒక పది నిమిషాలు నడిపి చూడాలి. ఏడాదంతా కదలని ఇంజన్ అవసరానికి స్టార్ట్ కాదు, బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది.

వైరింగ్ విషయం ఇక్కడే. ఎంసీబీ ఉంది కదా, షార్ట్ సర్క్యూట్ అయితే పడిపోతుందిలే అని ధీమాగా ఉంటాం. వదులైన జాయింటు దగ్గర పారే కరెంటు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. జాయింటు మాత్రం ఎర్రగా కాలుతుంది. దాని మీద దూది నుసి పేరుకుని ఉంటే ఇక చెప్పక్కర్లేదు. సీజనులో నెలకొకసారి కరెంటు తీసి టెర్మినల్ స్క్రూలు బిగించాలి. రంగు మారిన లగ్గులు (వైరు చివర బిగించే లోహపు ముక్కలు), కరిగిన ఇన్సులేషన్ కనపడితే వెంటనే మార్చాలి. లీకేజీ కరెంటుతో వచ్చే నిప్పుకు, లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మనుషుల ప్రాణానికి 30 మిల్లీ ఆంపియర్లది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు. మోటర్ల మీద, ట్యూబ్‌లైట్ల మీద, కప్పును మోసే ఇనుప ట్రస్సుల మీద పేరుకున్న నుసిని నడుస్తున్న మిషన్ల మధ్య గాలి గొట్టంతో ఊదకండి. గాల్లోకి లేచిన నుసికి రవ్వ తగిలితే ఒక్కసారిగా భగ్గుమంటుంది. మిషన్లు ఆపి, చీపురుతో గానీ వ్యాక్యూమ్‌తో గానీ తియ్యాలి.

ఇక ఫైర్ స్టేషన్ సిబ్బంది. 101కి ఫోను చేసినప్పుడు వాళ్లు అడిగినవి మూడే: కాలుతున్నది ఏమిటి, లోపల మనుషులున్నారా, బండి ఏ గేటు నుంచి రావాలి. పత్తి అని తెలియగానే నీళ్లలో కలిపే మందు, బేళ్లు (దూదిని నొక్కి పట్టీలతో కట్టిన మూటలు) లాగే కొక్కేలు తీసుకుని వచ్చారు. ఆ మందు ఎందుకో చెప్తాం. పచ్చి దూది పోగు మీద సహజంగా మైనం పొర ఉంటుంది. నీళ్లు పోస్తే పైన ముత్యాల్లా జారిపోతాయి తప్ప లోపలికి ఇంకవు. మందుల షాపులో దొరికే దూది నీళ్లు పీల్చేది, ఆ మైనాన్ని తీసేస్తారు కాబట్టే. అందుకని నీటికి ఇంకే గుణం ఇచ్చే ద్రావణం కలపాలి. అది లేనిచోట 200 లీటర్ల డ్రమ్ముకు అర కిలో నుంచి కిలో బట్టల సబ్బు పొడి కలిపినా ఉత్త నీళ్లకంటే ఎంతో మేలు. గుట్టగా ఉన్న దూది మీద నీటిని ధారగా కొట్టకూడదు. ఆ దెబ్బకు కాలే ముక్కలు ఎగిరి నాలుగు చోట్ల పడతాయి. ఫైర్ వాళ్లు నాజిల్ తిప్పి తుంపరగా మార్చి, అంచుల నుంచి మధ్యకు వచ్చారు. మన దగ్గర ఉండే 6 కిలోల ఏబీసీ పౌడరు సిలిండరు పై మంటను తొక్కుతుంది గానీ లోపలి నిప్పును ఆర్పదు. దాని వెనకే నీళ్లు రావాల్సిందే. కరెంటు ప్యానెల్‌కు మాత్రం కార్బన్ డయాక్సైడ్ సిలిండరే వాడాలి.

పత్తి నిప్పు అంటే అగ్నిమాపక శాఖవాళ్లకు పాత గాయం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్లు అంటుకున్నాయి. అదే ఓడలో పేలుడు పదార్థాలూ ఉన్నాయి. పొగలో నిప్పు మూలం ఎక్కడుందో కనపడలేదు, వందల టన్నుల నీళ్లు పోసినా ఆరలేదు. చివరికి ఓడ పేలి, ఆర్పడానికి వెళ్లిన సిబ్బందిలో 66 మంది ప్రాణాలు పోయాయి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకంగానే. మా షెడ్డులోకి దిగినవాళ్లు ఆ కోవకు చెందినవాళ్లని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ట్రాక్టర్ ట్యాంకర్ల అన్నలు లేకపోతే ఇదంతా మధ్యలోనే ఆగిపోయేది. ఫైరింజన్‌లో 4,500 లీటర్లు ఉన్నాయనుకుంటే, పంపు నిమిషానికి 900 లీటర్లు కొడితే అయిదు నిమిషాల్లో ఖాళీ. కాబట్టి మిల్లులో సంపు ఎప్పుడూ నిండుగా ఉండాలి, దాని దాకా బండి వెళ్లే దారిలో బోరాలు, లారీలు ఉండకూడదు. బోరు పైపు చివర 63 మిల్లీమీటర్ల హోస్ కప్లింగ్ బిగించి పెట్టుకుంటే బండి నింపుకోవడం సులువు. అది లేక తాళ్లతో, ట్యూబు ముక్కలతో పైపులు కట్టుకుంటూ కూర్చుంటే సగం నీళ్లు నేలపాలు.

అన్నిటికంటే పెద్ద రుణం హమాలీ తమ్ముళ్లది. మంటలు ఆరగానే జనం వెళ్లిపోయారు, వీళ్లు మాత్రం ఉండిపోయారు. పత్తి విషయంలో అసలు పని మొదలయ్యేది అప్పుడే. 170 కిలోల బేలును ఎంత గట్టిగా నొక్కినా అందులో సగానికి పైగా గాలే. ప్రెస్సులోకి ఒక్క రవ్వ పోయినా ఆ గాలితోనే నివురుగప్పిన నిప్పులా రోజుల తరబడి లోలోపల తొలుచుకుంటూ పోతుంది, పైకి చూస్తే తెల్లగానే ఉంటుంది. పై పొరకు చేరినరోజు, అదీ గోడౌనులో వందల బేళ్ల మధ్య, భగ్గుమంటుంది. అందుకే నిప్పు కనపడిన షిఫ్టులో కట్టిన బేళ్లన్నిటినీ, వాటికి ముందు కట్టినవి కొన్నిటినీ కలిపి, షెడ్డుకు దూరంగా ఆరుబయట, ఒక్కోదాని చుట్టూ మనిషి తిరిగేంత ఎడంతో పెట్టించాం. కనీసం వారం రోజులు అలాగే ఉండాలి. రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి వాసన చూడాలి, చేతి వెనక భాగాన్ని ఇనుప పట్టీలకు దగ్గరగా పెట్టి చూడాలి. లోపలి వేడి ముందు పట్టీకే తెలుస్తుంది.

అనుమానం వచ్చిన బేలును గోడౌనులో విప్పకూడదు. పట్టీ తెగగానే బేలు ఉబ్బుతుంది, గాలి తగిలి లోపలి నిప్పు ఒక్కసారిగా మంటవుతుంది. హోస్ పట్టుకుని ఒకరు సిద్ధంగా ఉండగా, పక్క నుంచి నిలబడి పట్టీలు కోసి, పొరలు పొరలుగా లాగి, ఒక్కో పొరనూ తడపాలి. హమాలీలు చేసింది సరిగ్గా ఇదే. వాళ్లను షెడ్డు లోపల ఒక్క బేలు కూడా విప్పనివ్వని ఫైర్ ఆఫీసరు గారికీ వేరే దండం. లోలోపల కుమిలే దూది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే మసిని ఆపుతుందేమో గానీ ఈ విషాన్ని ఆపదు. ఎవరైనా పడిపోతే వెంటనే ఆరుబయటికి చేర్చి 108కి ఫోను చెయ్యాలి. తీసుకురావడానికి ఒకరి వెనక ఒకరు మూసిన గదిలోకి దూరితే అందరూ పడిపోతారు.

గోడౌనులో బేళ్లను గోడకు ఆనించి పేర్చవద్దని ఫైర్ వాళ్లు గట్టిగా చెప్పారు. తడిసిన బేలు ఉబ్బి గోడను బయటికి నెడుతుంది. రెండడుగుల సందు వదలాలి. రేకుల షెడ్డు కింద ఎక్కువసేపు నిలబడకండి. ఇనుప ట్రస్సు 550 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలం కోల్పోతుంది, కుంగేముందు మనిషికి చెప్పి కుంగదు.

తడిసిన గింజలను చాలామంది వదిలేస్తారు. అందులో నూనె ఉంటుంది, తడి తగిలితే గుట్ట మధ్యలో దానంతటదే వేడెక్కుతుంది. మరుసటి రోజు కల్లా అడుగు మందం మించకుండా పరిచి, పారతో తిరగేస్తూ ఆరబెట్టాలి. ఎండకు పరిచిన ఆ గింజలను తిరగేయడానికి పక్క మిల్లు కూలీలు వచ్చారు. వాళ్ల మేస్త్రీకి మా దండాలు. నూనె తుడిచిన దూది గుడ్డలు కూడా మూల కుప్పగా పడేస్తే అలాగే వేడెక్కుతాయి. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి రోజూ బయటికి తీసెయ్యండి.

రిపేరుకు వచ్చే వెల్డింగ్ వాళ్లకూ ఒక మాట. రవ్వలు పది మీటర్ల దాకా పోతాయి. అంతమేర దూది ఊడ్చి, నేల తడిపి, ఒక మనిషిని నీళ్లతో నిలబెట్టి చెయ్యండి. పని అయ్యాక ఆ మనిషి కనీసం గంట అక్కడే ఉండాలి.

కూలీల విషయంలో మింగుడుపడని సంగతి ఒకటి ఉంది, చెయ్యి కాలితే ఇంకా పేస్టు, సిరా పూస్తున్నారు. వద్దు. 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టి, ఉంగరాలు గాజులు తీసి, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పక్కన పెట్టిన బేళ్లకు కాపలా ఇంకా నడుస్తోంది. రాత్రి కాపలాకు వస్తామన్న కుర్రాళ్లు గుమాస్తా దగ్గర పేరు రాయించండి, జతగానే పంపుతాం, ఒంటరిగా ఎవరినీ పంపం. హోస్ పైపులు, బకెట్లు, టార్పాలిన్లు ఇచ్చినవాళ్లు గేటు దగ్గర మీ గుర్తు చూసుకుని తీసుకెళ్లండి. చిరిగిన టార్పాలిన్లకు బదులు కొత్తవి ఇస్తాం. ట్యాంకర్ల డీజిల్ డబ్బులు కవర్లలో పెట్టి ఉంచాం. "వద్దులే అన్నా" అని వెళ్లిపోయిన అన్నలు కూడా దయచేసి వచ్చి తీసుకోండి.