పంటి భయానికీ మందుంది, బోర్డు మీద రాయండి

సంపాదకుడు గారికి,

చిత్తూరులోనూ తిరుపతిలోనూ ఇప్పుడు పంటి క్లినిక్‌లకు కొదవ లేదు. ఇంప్లాంట్లు, క్లిప్పులు, ఒక్క రోజులో రూట్ కెనాల్ అంటూ వీధి పొడవునా బోర్డులే. అయినా దవడ వాచి, నోరు తెరవలేని స్థితి వచ్చాకే డాక్టర్ దగ్గరికి పోయేవాళ్లు చాలామంది. డబ్బు ఒక కారణమే, కాదనను. కానీ డబ్బున్నవాళ్లు కూడా పిప్పిపన్ను మీద లవంగం అదిమిపెట్టుకుని, మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని నెలలు నెట్టేస్తున్నారు. వాళ్లను ఆపేది భయం. సూది అంటే భయం, డ్రిల్లింగ్ శబ్దం అంటే భయం, కుర్చీ వెనక్కి వాల్చగానే ఊపిరాడదేమోనన్న టెన్షన్.

ఈ భయానికీ వైద్యం ఉంది. మనలో చాలామందికి తెలిసినవి రెండే: చిగుళ్లకు వేసే ఇంజెక్షన్, ఆపరేషన్‌కు ఇచ్చే పూర్తి మత్తు. ఈ రెండింటి మధ్య ఇంకొన్ని మెట్లున్నాయి.

అందులో మొదటిది నైట్రస్ ఆక్సైడ్, అదే లాఫింగ్ గ్యాస్. ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద చిన్న మాస్కుతో పీల్చుకోనిస్తారు. కొద్ది నిమిషాల్లో ఒళ్లు తేలికపడి భయం తగ్గుతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, డాక్టర్ అడిగినదానికి జవాబు చెబుతాడు. పని అయ్యాక ఐదు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇస్తే దాని ప్రభావం దాదాపు పోతుంది. ఆక్సిజన్ 30 శాతం కంటే తగ్గకుండా ఇప్పటి యంత్రాలలోనే ఏర్పాటు ఉంటుంది. జలుబుతో ముక్కు మూసుకుపోయినవాళ్లకు ఇది పనిచేయదు. గర్భం తొలి నెలల్లో ఉన్నవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లు, విటమిన్ బి12 లోపం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పంటి డాక్టర్ ఈ వాయువు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. 180 ఏళ్లు దాటాక కూడా మనకిది కొత్త సంగతిగానే ఉంది!

తర్వాతి మెట్టు డయాజిపామ్, మిడజోలామ్ లాంటి మగత తెప్పించే మందులు, మాత్రగానో నరానికి ఇంజెక్షన్‌గానో. ఇక్కడే జాగ్రత్త కావాలి. డోసు మించితే, లేదా మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అందుకే పల్స్ ఆక్సిమీటర్, ఆక్సిజన్, తేడా వస్తే విరుగుడు మందు, శిక్షణ ఉన్న మనిషి దగ్గరుండాలి. ఇంటికి తీసుకుపోవడానికి తోడు తప్పనిసరి, ఆ రోజు బండి నడపకూడదు. తెలిసిన మెడికల్ షాపువాడు ఇచ్చాడని సొంతంగా మాత్ర మింగి కుర్చీ ఎక్కడం ఎంతమాత్రం పనికిరాదు. ఇక పూర్తి మత్తు అంటారా, అది మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రిలో జరగాల్సిన పని. ఇంకో మాట. ఈ పద్ధతుల్లో పూర్తి మత్తు తప్ప ఏది తీసుకున్నా చిగుళ్లకు ఇంజెక్షన్ తప్పదు. ఇవి భయానికి, అది నొప్పికి.

పిల్లల విషయం మరీ కష్టం. అల్లరి చేస్తే డాక్టర్ చేత సూది వేయిస్తానని ఇంట్లో మనమే బెదిరిస్తాం. క్లినిక్‌కు తీసుకెళ్లి “ఏమీ చేయరులే, ఊరికే చూస్తారు” అని అబద్ధం చెబుతాం. అక్కడ కాళ్లూ చేతులూ పట్టుకుని పని కానిస్తారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక పంటి డాక్టర్ గడప తొక్కుతాడా? నైట్రస్ ఆక్సైడ్ పిల్లలకు బాగా వాడే పద్ధతే. భయం తగ్గించే మందే అక్కర్లేనివీ ఉన్నాయి: ఏం చేయబోతున్నారో ముందే చెప్పడం, సూదికి ముందు చిగురు మొద్దుబారే జెల్ రాయడం, చెయ్యెత్తితే పని ఆపుతామని మాటివ్వడం, ఆ మాట మీద నిలబడటం. వీటికి పెద్ద ఖర్చు లేదు, కాస్త ఓపిక చాలు. ఆ ఓపికే తక్కువైందని నా అభిప్రాయం.

తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ పంటి విభాగాల్లో లాఫింగ్ గ్యాస్ పేదవాళ్లకు ఉచితంగా అందేలా వైద్యశాఖ చూడాలి. ఆపరేషన్ థియేటర్లలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న వాయువే ఇది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ప్రతి జబ్బుకీ తమిళనాడులోని వేలూరు ఆసుపత్రికి బస్సెక్కే అలవాటు పంటి దాకా వస్తే చిత్తూరు జిల్లాకు గౌరవం కాదు. తిరుపతిలో దంత వైద్య కళాశాల ఉంది. చుట్టుపక్కల క్లినిక్‌ల డాక్టర్లకు, నర్సులకు అక్కడ శిక్షణ ఇప్పించవచ్చు.

ప్రైవేటు క్లినిక్‌లు కూడా తమ దగ్గర ఏ పద్ధతి ఉంది, మత్తు ఎవరిస్తారు, ఎంతవుతుంది అనేది ఫీజుల పట్టీ పక్కనే రాసిపెట్టాలి. సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి, సరిహద్దు మండలాల్లో తమిళంలో కూడా. చదువు రానివాళ్లకు చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు