జొనాకి డబ్బా, నీలి చుక్క

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం నిన్న అందింది. డీఎన్ఏ ముక్కలకు గుర్తుగా తగిలించే ఆ రేడియోధార్మిక భాస్వరం-32తోనే ఇంకా తంటాలు పడుతున్నావా అని అడిగావు. లేదురా, ఆ డబ్బాలు వదిలించుకుని చాలా ఏళ్లయింది.

నీకు గుర్తుందా, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ ఆవరణలో ఆ భాస్వరం సరఫరా చేసే జొనాకి కేంద్రం నుంచి సరుకు వచ్చిందంటే పండగ భోజనం కూడా వదిలేసి పరుగెత్తేవాళ్లం. 14 రోజులకు సగం బలం పోతుంది కదా! అక్రిలిక్ పలక వెనక పని, చివర్లో రేడియోధార్మికతను పసిగట్టే గీగర్ కౌంటర్‌తో వేళ్లూ చెప్పులూ వెతుక్కోవడం, ఆపైన మైనస్ 70 డిగ్రీల ఫ్రీజరులో ఎక్స్‌రే ఫిల్ము పెట్టి రోజుల తరబడి ఎదురుచూపు. 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ చూసిన తొలి డీఎన్ఏ వేలిముద్ర కూడా అలాంటి ఫిల్ము మీదే తేలింది. అందుకే ఆ పద్ధతిని నేనెప్పుడూ చిన్నచూపు చూడను.

ఇప్పుడు గుర్తు కోసం నా బల్ల మీద భాస్వరం బదులు బయోటిన్ ఉంది. గుడ్డు పచ్చసొనలో ఉండే విటమినే. దాన్ని డీఎన్ఏ అక్షరానికి తగిలించవచ్చని 1981లోనే యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. మొన్న ఒక జంట వచ్చారు. ఇద్దరూ బీటా తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధికి వాహకులు, ఆమెకు గర్భం పన్నెండో వారం. మాయ నుంచి తీసిన చిన్న ముక్కలోని డీఎన్ఏను బయోటిన్ తోకలున్న ప్రైమర్లతో, అంటే నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలతో, పీసీఆర్ చేసి బోలెడు నకళ్లు తీశాను. ఆ నకళ్లు పోసే నైలాన్ పట్టీ మీద ఒక్కో జన్యు మార్పుకు రెండేసి ప్రోబులు, అంటే తమ జతను పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు, ముందే అంటించి ఉంటాయి, ఒకటి మామూలు అక్షరానికి, ఇంకొకటి మారినదానికి. కడిగే ద్రావణం వేడి కాస్త తగ్గినా రెండూ పట్టేసుకుని మోసం చేస్తాయి, కాబట్టి నీళ్లతొట్టి పక్కనుంచి కదల్లేదు. బయోటిన్‌ను స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీను ఉడుంపట్టు పడుతుంది, దానికి కట్టిన ఎంజైము రంగు తెప్పిస్తుంది. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఐవీఎస్ 1-5 మార్పు దగ్గర తల్లిదండ్రుల పట్టీల్లో రెండేసి నీలి చుక్కలు తేలాయి. బిడ్డ పట్టీలో మామూలు చుక్క ఒక్కటే, అంటే ఆ మార్పు బిడ్డకు రాలేదు! పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రానికి తేలిపోయింది. ఆ రోజుల్లో అయితే ఆ తల్లికి ఎన్ని రాత్రులు నిద్ర ఉండేది కాదో.

కణజాలం మీద నేరుగా పని చేయాల్సి వస్తే మాత్రం గుర్తుగా డిజాక్సిజెనిన్ వాడతాను. గుండె మందునిచ్చే డిజిటాలిస్ మొక్కలోది. బయోటిన్ మన కణాల్లోనూ ఉంటుంది కనుక అనవసరపు మచ్చలు పడతాయి, దీనితో ఆ బెడద లేదు. డీఎన్ఏ ముక్కలను పొడవు వారీగా విడదీసి పల్చటి పొర మీదికి ఎక్కించి వెతికే సదరన్ బ్లాటుకూ నాకు అదే ఇష్టం. ప్రోబు మైనస్ 20లో ఏడాదైనా చెడదు, ఎంజైము వెలుగు పుట్టిస్తే గీతలు నిమిషాల్లో ఫిల్ముకెక్కుతాయి. జొనాకి అంటే బెంగాలీలో మిణుగురు పురుగు. చీకటి గదిలో ఆ పొర మీద ఫిల్ము పరిచిన ప్రతిసారీ ఆ పేరే గుర్తొస్తుంది.

వచ్చే నెల ఇటు వస్తే ఓ పట్టీ నీ చేతే తడిపిస్తాను.

నీ
రాఘవ