దారం చిక్కు విప్పిన చేతులకి దండాలు

శ్రీకాకుళంలో ఆదివారాలు మాకు చేతికుట్టు నేర్పిన మామ్మలకీ, పాత చీరలు మూటగట్టి పంపిన విజయనగరం వాళ్ళకీ, కత్తెరలు సానపట్టించి ఇచ్చిన టైలర్ బాబుకీ మా అందరి తరఫునా కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీరు నేర్పింది మాత్రం వివరంగా రాస్తాం. సూది పట్టిన పది నిమిషాలకే విసుగొచ్చి ఒగ్గేసినవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వాళ్ళకి అక్కరకొస్తుంది.

"ఏటమ్మా, దారం అంత పొడుగు?" మొదటిరోజు మీ నోట వచ్చిన మొదటి మాట ఇదే. మాటిమాటికీ సూదిలో దారం ఎక్కించే పని తప్పుతుందని బారెడు దారం తీస్తారు అందరూ. చిక్కులన్నీ అక్కడే మొదలు. మూరెడు, అంటే 18 అంగుళాలు చాలు. పొడుగు దారం అన్నిసార్లు గుడ్డలోంచి రాసుకుంటూ వచ్చి నూగు లేస్తుంది, బలం తగ్గుతుంది. పైగా కుడుతున్నప్పుడు వేళ్ళ మధ్య సూది తెలియకుండానే తిరుగుతూ ఉంటుంది, ఆ తిప్పుడంతా దారానికి పురిగా ఎక్కి ముడేసుకుంటుంది. పది పన్నెండు పోట్లకోసారి గుడ్డ ఎత్తిపట్టి సూదిని వదిలెయ్యాలి. దారం చివర వేలాడుతూ సూది బొంగరంలా గిరగిరా తిరుగుతుంది, నెమ్మదిస్తుంది, వెనక్కి ఓ అరచుట్టు తిరిగి నిలబడుతుంది. పురి దిగిపోయినట్టే. ఈ ఒక్కటి చూపించినందుకే మీకు వంద దండాలు పెట్టాలి.

నూగు అణగడానికి తేనెమైనం ముక్క మీద దారాన్ని ఒకసారి లాగి వేళ్ళతో దువ్వితే సరిపోతుంది. కొవ్వొత్తి వద్దు, ఇస్త్రీపెట్టె తగిలితే పల్చటి చీర మీద మరక తేలొచ్చు.

సూది నంబరు పెరిగేకొద్దీ సన్నం. చీర ఫాల్‌కి 9, బొంతకి 3 నుంచి 5. పొందూరు సన్న ఖాదీ అంచు మడిచి కుట్టడానికి 10. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన నూలది. లావు సూది దాని పోగుల మధ్య దూరదు, పోగునే చీలుస్తుంది.

ఫాల్ నూలుగుడ్డ కాబట్టి ముందురాత్రి నీళ్ళలో నానేసి, ఆరాక ఇస్త్రీ చెయ్యాలి. అలా చెయ్యకపోతే మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి కుచ్చిళ్ళ కింద చీర ముడతలు పడుతుంది. కింది అంచు ముందు, తర్వాత పైది. చీరలోంచి ఒకటి రెండు పోగులే సూదికి అందాలి. దారం గుడ్డకి ఆనగానే చెయ్యి ఆగాలి. కుట్టు గట్టిగా ఉండాలని ఇంకాస్త లాగామా, గుడ్డ మీద కుట్టుకుట్టుకీ గుంట పడుతుంది.

ఇక బొంత. అయిదున్నర మీటర్ల నూలు చీరని పొడవునా మూడు మడతలేస్తే ఆరడుగుల పొడవు, 45 అంగుళాల వెడల్పు, మూడు పొరలు. రెండు చీరలు కలిపితే ఆరు పొరలు, ఒక మనిషికి చక్కగా సరిపోతుంది. నేల మీద పరిచి, ముడతలు చేత్తో బయటికి తోసి, నాలుగు మూలలా బరువు పెట్టాలి. జానెడేసి దూరంలో టాకాలు వెయ్యాలి, అదీ నడిమధ్య నుంచి అంచుల వైపు. అంచు నుంచి మొదలెడితే వదులంతా మధ్యకి తోసుకొచ్చి ఉబ్బుతుంది, అప్పుడు కుట్లు విప్పడం తప్ప దారి లేదు. తర్వాత రెండువేళ్ళ ఎడంతో వరసలు. పాలిస్టర్ దారం వాడకూడదని మీరు గట్టిగా చెప్పారు. అరిగిన గుడ్డ కంటే ఆ దారం బలమైనది, లాగుడు పడ్డప్పుడు తెగేది గుడ్డే. నూలుదారమైతే ముందు కుట్టు తెగుతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. పాత గుడ్డ మీద ఇంత దయగా ఆలోచించడం మీ దగ్గరే చూశాం.

ఆరు పొరల్లోంచి సూది తొయ్యడం బొటనవేలితో అయ్యే పని కాదు. నడివేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని, దాని గుంటలో సూది వెనకతల ఆనించి తొయ్యాలి. మూడు నాలుగు పోట్లు సూదికే ఎక్కించి ఒక్కసారి లాగితే వరస తిన్నగా వస్తుంది. ఆ లయ చేతికి చిక్కాక లేవబుద్ధి కాదు. మీరు పొద్దువాలేదాకా ఎందుకు కూచునేవారో ఇప్పుడు తెలుస్తోంది.

విజయనగరం అక్కలూ, ఈసారి చీరలు గంజి పోయేలా ఉతికి పంపండి, గంజి గుడ్డలో సూది దిగదు. టైలర్ బాబూ, ఆ కత్తెరతో కాగితం కొయ్యం, మాట ఇస్తున్నాం. మామ్మా, మీ ఇత్తడి తొడుగు మా దగ్గరే ఉండిపోయింది. దారాల డబ్బాలో గుడ్డ చుట్టి భద్రంగా పెట్టాం, ఆదివారం వచ్చి తీసుకోండి.