లెక్కల 'ఏ' ఎందుకు పెట్టాలెనో ఎవలు చెప్పాలె?

ఎడిటర్ గారికి నమస్తే,

మాది కాజీపేట, చిన్న కిరాణం షాపు. నేను గూడ ఒకప్పుడు డిగ్రీల మ్యాథ్స్ చదివినదాన్నే, పెండ్లయినంక లెక్కలంటే ఇగ ఉద్దెర పద్దులే. మా బిడ్డ ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మొన్న రాత్రి గల్లా కాడ కూసొని మ్యాథ్స్ టూఏ పేపర్ల పాక్షిక భిన్నాలు, అంటే ఒక పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగ విడగొట్టే లెక్కలు, చేస్తున్నది. పైన 9, కింద ఎక్స్ మైనస్ 1 హోల్ స్క్వేర్ ఇంటు ఎక్స్ ప్లస్ 2. టకటకా రాసింది, ఏ బై ఎక్స్ మైనస్ 1, బీ బై దాని స్క్వేర్, సీ బై ఎక్స్ ప్లస్ 2 అని. కింద ఉన్నది స్క్వేరే కదనే, మరి ఆ ఏ ముక్క ఎందుకు అంటే "ఏమో అమ్మా, సార్ గట్లనే రాయమన్నడు, 4 మార్కులది" అన్నది.

పిల్ల మీద కోపం రాలే. పొద్దుగూకేదాక స్టడీ అవర్ల కూసోబెట్టుకునే కాలేజీకి ఎందుకు అన్న ఒక్క ముక్క చెప్పెటందుకు పది నిమిషాలు దొరకయా?

ఏ తీసేసి చెయ్యి బిడ్డా అన్న. కింద ఉన్నదాంతోని రెండు దిక్కుల గుణిస్తే ఒక దిక్కు 9 మిగిలింది. ఎక్స్‌కు 1 పెడితే బీ 3 వచ్చింది, మైనస్ 2 పెడితే సీ 1, మంచిగనే ఉన్నది. ఇప్పుడు ఎక్స్ సున్నా పెట్టి సరిచూడు అన్న. బీ దిక్కు నుంచి 6, సీ దిక్కు నుంచి 1, మొత్తం 7. రావాల్సింది 9, ఇంక రెండు ఎక్కడ వోయినయ్? పెన్ను ఆపింది. ఆ రెండు తెచ్చేదే ఏ, దాని విలువ మైనస్ 1. గమ్మత్తేందంటే 1 పెట్టినా మైనస్ 2 పెట్టినా ఏ ముక్క సున్నా అయి మాయమైతది, అందుకే సున్నానో ఇంకో నంబరో పెట్టాలె, లేకుంటే ఎక్స్ స్క్వేర్ గుణకాలు పోల్చాలె, పిల్లలు ఆగమయ్యేది గూడ ఇక్కడనే.

షాపుల రోజు చేసేదే కదా ఇది. ముప్పావు కిలో పప్పు అడిగితే పావు రాయి ఒక్కటి పెడితే తూగుతదా, పక్కన అరకిలో రాయి గూడ పెడ్తం. ముప్పావంటే మూడు బై నాలుగు, కింది నాలుగంటే రెండు స్క్వేర్, అయినా అర కావాలె, పావు కావాలె. రేపు టూబీ పేపర్ల ఇంటిగ్రేషన్‌కు ఇదే లెక్క వస్తది, ఇంటిగ్రేట్ చేస్తే ఏ ముక్క లాగ్ (లాగరిథమ్) అయితది, బీ ముక్క కాదు. ఏ మర్చిపోతే ఆ లాగ్ మొత్తం గాయబ్.

మీ చదువు పేజీల మోడల్ ప్రశ్నలు, జవాబులు బాగనే ఏస్తరు, మేం కత్తిరించి దాస్కుంటం గూడ. జవాబు కింద రెండు లైన్లు ఈ ఎందుకు అన్నది గూడ వెయ్యుండ్రి సార్, జాగ చాలకుంటే ఒక ప్రశ్న తగ్గియ్యుండ్రి.

షట్టర్ దించేటప్పుడు "మరి క్యూబ్ ఉంటెనో" అన్నది మా పోరి. అరపావు రాయి చూపెట్టిన.

— ఒక తల్లి, కాజీపేట