ఒంటి టిక్కు

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. బామ్మ మోకాలు కాస్త నెమ్మదించింది. చంటి పరీక్షలు అయిపోయాయి, ఎలా రాశావురా అంటే "రాశాను" అంటాడు, అంతకు మించి ఒక్క ముక్క రాదు. వాట్సాప్‌లో పెట్టినవి నీకు చేరట్లేదని ఇది ఈమెయిల్‌లో పంపుతున్నాను. ఎక్కడో ఒకచోట వైఫై దొరికినప్పుడు తెరుస్తావుగా. తొందరేం లేదు. నీ కబురొచ్చి తొమ్మిది రోజులైంది, అంతే. మీ అమ్మ లెక్కలో పది, నువ్వు రైలెక్కిన రోజు కూడా కలిపి.

మేం పెట్టినవాటన్నిటికీ ఒంటి టిక్కే ఉంది. ఒకటే ఉంటే ఇక్కణ్ణించి వెళ్లింది గానీ నీ ఫోనుకి అందలేదని అర్థమట. "డేటా ఆపేసి ఉంటుంది నాన్నా, కంగారెందుకు" అన్నాడు చంటి. నాకేం కంగారు లేదన్నాను. బుల్లెత్త మాత్రం, ఎవరో అమ్మాయి పరాయి దేశంలో ఫోను పారేసుకుని వారం అవస్థ పడిందని ఎక్కడో విని, సరిగ్గా మీ అమ్మ భోజనానికి కూర్చునే వేళ ఫోన్ చేసి మరీ చెప్పింది. మీ అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఖర్చుకి భయపడే ఆపేశావని నా నమ్మకం. ఆ భయం నీకు నా దగ్గర్నుంచే వచ్చింది. ఓడ సంగతి ముక్కలు ముక్కలుగా విన్నావు గానీ మొత్తం నీకెప్పుడూ చెప్పలేదు.

నువ్వప్పుడు ఏడో తరగతి. ఆఫీసు వాళ్లు శిక్షణకి పంపితే, ఆఖర్లో స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకీకి రాత్రి ఓడెక్కాను. సాయంత్రం బయల్దేరితే మర్నాడు పొద్దున చేరుస్తుంది. చాలాసేపు రెండు పక్కలా దీవులే, చెట్లు చేతికందేంత దగ్గరగా. నువ్వు చూస్తావని అరవై డెబ్భై ఫోటోలు తీశాను. రోమింగ్ ప్యాకు వేయించుకున్నానన్న ధీమాతో ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. దీవులు దాటి నడిసముద్రంలోకి వచ్చాక ఒడ్డునున్న టవర్లు అందవు. అప్పుడు ఓడలోనే ఉండే చిన్న టవరు ఫోన్‌ని పట్టుకుంటుంది. అది మాటనీ డేటానీ ఉపగ్రహం మీదుగా పంపుతుంది. మామూలు ప్యాకులు దానికి వర్తించవు, విమానంలో ఉండే నెట్‌వర్కూ అంతే. నేను నిద్రపోతుంటే నా ఫోటోలన్నీ ఒక్కొక్కటే బ్యాకప్‌కి ఎక్కాయి. పొద్దున మెసేజ్ చూస్తే నెల జీతంలో సగానికి పైనే.

చేతులు వణికాయి. సిమ్ తీసి పర్సులో పెట్టేశాను. ఇంటికెళ్లేదాకా ముట్టుకోకూడదనుకున్నాను. మూడోరోజున బామ్మ స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్‌కి సంతకం పెట్టమంటే మీ అమ్మ నాకు ఎన్నిసార్లు చేసిందో నేను లెక్క అడగలేదు, తను చెప్పలేదు. నాలుగోరోజు హోటల్ వాళ్లు పిలిచి చెబితే గానీ నాకు తెలీలేదు. బిల్లు ఆరు నెలల్లో తీర్చేశాను. ఆ సంతకం నేను పెట్టాల్సింది.

సరే, పాఠం చెప్పాలని కాదు. నీకు తెలిసినవే. నీ చివరి ఫోటో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌ది. అక్కణ్ణించి జ్యూరిక్ అన్నావు. మ్యాపు పెట్టుకుని చూశాను. నీ ఈసిమ్, అదే కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్, ఈయూది (యూరోపియన్ యూనియన్‌ది) కదా. ఈయూ సిమ్ ఏ ఈయూ దేశంలో వాడినా అదనపు రోమింగ్ చార్జీ పడకూడదని 2017 జూన్ 15 నుంచి రూలు ఉంది. నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్ కూడా ఆ రూలు కిందకే వస్తాయి. స్విట్జర్లాండ్ అందులో లేదు. ఆ రైలు లిక్టెన్‌స్టైన్ మీదుగా పోయి స్విట్జర్లాండ్‌లో దిగుతుంది. సరిహద్దు దాటగానే నీ డేటా ఆగిపోయి ఉంటుంది, లేదా నువ్వే ఆపేసి ఉంటావు. అదే అయ్యుండాలి.

అదే అయితే, ఉన్నచోట వైఫై మీద స్విట్జర్లాండ్‌కి పనిచేసే ఇంకో చిన్న ఈసిమ్ ప్యాకు వేసుకో. పాతదాన్ని డిలీట్ చేయకు, ఎక్కించుకున్న క్యూఆర్ కోడ్ చాలావాటికి రెండోసారి పనిచేయదు. నంబర్ మార్చమంటావా అని వాట్సాప్ అడిగితే వద్దను, పాత నంబరే ఉండనీ. ఇంటి సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేసి, సిమ్ మాత్రం ఆన్‌లో ఉంచు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. సెట్టింగ్స్‌లో ఒక సిమ్ అందకపోతే రెండోదాని డేటాకి తనంతట తనే మారే స్విచ్ ఒకటుంటుంది, అది ఆపు. ఫోటోల బ్యాకప్ వైఫై మీదే అని పెట్టు. ఇది నువ్వు నవ్వుకున్నా పెట్టు.

ఇంటి సిమ్‌కి వచ్చే కాల్స్ ఎత్తితే రోమింగ్‌లో నీకే పడుతుంది. ఎత్తకపోయినా వాయిస్‌మెయిల్‌కి మళ్లితే పడొచ్చు, దాన్ని తీయించెయ్. అందుకే ఆ నంబర్‌కి చేయొద్దని ఇంట్లో చెప్పాను. మీ అమ్మ రెండుసార్లు చేసిందట, ఏమనకు.

వాట్సాప్‌లో మాట్లాడితే నిమిషానికి ఒక ఎంబీ అటూ ఇటూ. రోజూ పది నిమిషాలు మాట్లాడినా నెలకి మూడొందల ఎంబీ. వీడియోకే ఎక్కువ లాగుతుంది, అది వైఫై ఉన్నప్పుడు చేద్దువుగాని. "ఉన్నాను" అని ఒక ముక్క పెట్టడానికి లెక్కకొచ్చేంత డేటా కూడా పట్టదు. ఏ హోటల్ హాల్లో నిలబడి పంపినా సరిపోతుంది. కాకపోతే అలాంటి వైఫై మీద బ్యాంకు పనులు పెట్టుకోకు.

ఫోనే పోయిందనుకో. పోలేదులే. అయినా మా రెండు నంబర్లూ ముందు ప్లస్సు, దేశం కోడ్‌తో సహా కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌లో పెట్టుకో. ఆపదలో చేసే 112 నంబర్ ఈయూలో ఎక్కడున్నా ఉచితం. ఛార్జర్ సంగతేమైనా అయిందా? స్విట్జర్లాండ్ సాకెట్లు వేరట, జర్మనీలో పనిచేసే ఆ గుండ్రటి లావు ప్లగ్గు అక్కడ పట్టదట. నీకు కొనిచ్చింది అదే. నేను చూసుకుని కొనాల్సింది. సన్నటి రెండు పిన్నులది పడుతుంది, ఒకటి కొనుక్కో, డబ్బుల గురించి ఆలోచించకు.

మీ అమ్మ ఫోను సౌండ్ పెట్టే పడుకుంటోంది. అర్ధరాత్రయినా తెల్లవారుజామైనా చెయ్యి. బామ్మ నీ గురించి అడిగితే రోజూ మెసేజ్ పెడుతోందని చెబుతున్నాను.

నాన్న

తా.క. పంపే ముందు మళ్లీ చూశాను. ఇంకా ఒకటే ఉంది. గంటాగి చూస్తాను.