నర్సింగ్ కాలేజీకి వెళ్తే ముందు వార్డు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను ఖమ్మంలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని, జీఎన్ఎం అంటే నర్సింగ్ డిప్లొమా చేసి ఆరేళ్లయింది. మా చెల్లి ఈసారి బైపీసీ అయిపోయి ఎప్‌సెట్ రాసింది, బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. నెల రోజుల నుంచి ఇంట్లో ఇదే గొడవ, ఏ కాలేజీ, ఎంత ఫీజు, అంత పెట్టి చదివిస్తే ఉద్యోగం వస్తదా అని అమ్మ పొద్దస్తమానం అడుగుతనే ఉంది.

నాన్న నంబర్ ఎవరిచ్చారో గానీ రోజూ కన్సల్టెన్సీ వాళ్ల ఫోన్లు. బెంగళూరులో సీటుంది, హాస్టల్ ఫ్రీ, కోర్సు అయిపోగానే జర్మనీ పంపిస్తాం అంటారు. జర్మనీలో నర్సుగా చేయాలంటే జర్మన్ భాషలో బీ2 లెవెల్ పాసవ్వాలి, నైట్ డ్యూటీలు చేసుకుంటూ దానికి ఏడాది పైనే కూర్చుని చదివినవాళ్లు మా హాస్పిటల్లోనే ఉన్నారు, ఆ మాట మాత్రం ఫోన్లో ఒక్కరూ చెప్పరు. ఆ కాలేజీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లిస్టులో ఉందా, చదివొచ్చాక మన తెలంగాణ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అవుతుందా అని నేను అడిగితే అవతల ఫోన్ పెట్టేశారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే నేను చేరినప్పుడు ఇవేవీ అడగలేదు. ఫీజు తక్కువ, బస్సు ఉంది, ఊరికి దగ్గర అని చేరిపోయాను. కాలేజీకి సొంతంగా 100 పడకల హాస్పిటల్ ఉండాలని కౌన్సిల్ రూలు. మా కాలేజీలో ఆ పడకలు ఇన్‌స్పెక్షన్ రోజే కనిపించాయి, వాటి మీద పేషెంట్లలాగా మమ్మల్నే పడుకోబెట్టారు. ప్రొసీజర్లన్నీ బొమ్మ మీదే, డెలివరీ కేసులు పక్కమ్మాయి రికార్డు చూసి రాసుకున్నాం. చివరికి ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక పెద్దాయనకి సెలైన్ ఎక్కించే సూది, క్యాన్యులా పెట్టబోయి మూడుసార్లు గుచ్చాను, ఆయన పర్లేదు బిడ్డా అన్నాడు, నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఆ తర్వాత పని నేర్పింది మా సీనియర్ సిస్టర్లే, కాలేజీ కాదు.

డబ్బు సంగతి కూడా కాగితం మీద వేసుకుని చూడాలి. మేనేజ్‌మెంట్ కోటాలో మాకు చెప్పింది ఏడాదికి లక్షా పాతిక వేలు, నాలుగేళ్లకి 5 లక్షలు, హాస్టల్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు వేరే. మా నాన్న తెచ్చేది నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే నెలకి వడ్డీయే 10 వేలు. నేను చేరినప్పుడు నా జీతం 11 వేలు. ఇక అసలు ఎప్పుడు తీరుద్ది.

గవర్నమెంట్ ఉద్యోగం వస్తుంది కదా అంటారు. వస్తుంది, మన రాష్ట్రంలో 2022 చివర్లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చి తర్వాత 7,094 చేశారు, 2024లో ఇంకో 2,050 వేశారు. కానీ అందులో రాత పరీక్షకి 80 మార్కులే, మిగతా 20 గవర్నమెంట్ హాస్పిటల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ చేసినవాళ్లకి, నాలాంటోళ్లు ప్రైవేట్‌లో ఎన్నేళ్లు చేసినా అక్కడ సున్నా. ఎయిమ్స్ వాళ్లు నర్సు ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్షకి బీఎస్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, జీఎన్ఎం వాళ్లకి కనీసం 50 పడకల హాస్పిటల్లో రెండేళ్ల అనుభవం కావాలి. అక్కడ బేసిక్కే 44,900. నేను మొదట మూడేళ్లు చేసింది 30 పడకల నర్సింగ్ హోంలో, ఆ మూడేళ్లూ లెక్కలోకి రాలేదు. ఈ తేడా నాకు ఇంటర్‌లో ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

అందుకే చెల్లికి నేను చెప్పింది, గవర్నమెంట్ కాలేజీలో సీటొస్తే ఎంత దూరమైనా వెళ్లు, అక్కడ పెద్దాసుపత్రి వార్డుల్లో నేర్చుకున్న చెయ్యి వేరు. అది రాకపోతే కన్వీనర్ కోటా, అదీ సొంత హాస్పిటల్ నడుస్తున్న కాలేజీ అయితేనే. అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు కొనేకంటే గవర్నమెంట్‌లో జీఎన్ఎం చేసి, ఉద్యోగం చేసుకుని తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయడం నయం అని నా అభిప్రాయం, చెల్లి ఇంకా ఒప్పుకోలేదు.

మీ పేపర్లో ఈ రెండు నెలలూ కాలేజీల యాడ్లే వస్తాయి. దయచేసి కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు జిల్లాలవారీగా ఒక పేజీ వేయండి, ఏ కాలేజీకి కౌన్సిల్ అనుమతి ఉంది, సొంత హాస్పిటల్ ఎక్కడ, రోజూ ఎంతమంది పేషెంట్లు ఉంటారు, కన్వీనర్ ఫీజు ఎంత అని. కౌన్సెలింగ్ నడిపే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వాళ్లు కూడా వెబ్ ఆప్షన్లు పెట్టే చోటే కాలేజీ పేరు పక్కన ఈ వివరాలు చూపిస్తే మా అమ్మానాన్నల్లాంటోళ్లు ఏజెంట్ల మాట నమ్మాల్సిన పనుండదు.

వచ్చే సోమవారం నాకు ఆఫ్. నేనూ చెల్లీ రెండు కాలేజీలకి వెళ్తున్నాం, ముందుగా చెప్పకుండా, పొద్దున రౌండ్స్ టైంకి, వార్డులో పేషెంట్లు ఉన్నారో లేదో చూసొస్తాం.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్స్, ఖమ్మం