వంశధార దారిలో సైకిల్‌కూ చోటివ్వండి

సంపాదక మహాశయా,

నేను నరసన్నపేటలో ఉంటున్న రిటైర్డ్ టీచర్ని. ఆదివారం తెల్లవారుజామునే సైకిల్ మీద చల్లవానిపేట, జలుమూరు మీదుగా శ్రీముఖలింగం వెళ్తుంటాను. జాతీయ రహదారి హోరు వెనకబడగానే వరి మళ్లు, తాటిచెట్లు, పొగమంచు. ఊరు చేరేసరికి ఎడమచేతి వైపు వంశధార. మధుకేశ్వరాలయం ముందు సైకిల్ ఆపి, రేవులో కాళ్లు తడుపుకుంటే అలసట తెలియదు. తూర్పు గాంగులు ఏలిన నేల ఇది. ఓపికుంటే ఎగువకు గొట్టా బ్యారేజీ దాకా, లేదంటే మరో రోజు దిగువకు, నది సముద్రంలో కలిసే కళింగపట్నం దాకా వెళ్లొచ్చు.

కానీ మొన్న సంక్రాంతి ముందు ఒక టిప్పర్ రాసుకుంటూ పోయింది. రోడ్డు అంచు జానెడు లోతు తెగి ఉంది, ఎటు దిగాలి? పొలాల్లో పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. బడిపిల్లలు రోజూ ఇదే దారిలో సైకిళ్లు తొక్కుతున్నారు. వాళ్లను తలుచుకుంటేనే టెన్షన్.

అంచులకు గ్రావెల్ పోసి చదును చేయండి. తెల్లగీత వేయండి. ఊళ్ల దగ్గర వేగం తగ్గించే బోర్డులు పెట్టండి. కొత్త రోడ్డు అడగడం లేదు.

- ఒక పాఠకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా